కొంగున ముడేసిన గాలి

రోజూ పొద్దున తొమ్మిదింటికి దర్జీ పనిచేసే కోడలు ఆస్పత్రిలో నూలు గౌను తొడుక్కుని గాజు గొట్టంలోకి దూరేది. లోపల నిప్పంటుకుంటుందన్న భయానికి తలకు నూనె కూడదు, మొహానికి పౌడరు కూడదు, ఒంటిమీద గుండుసూది ఉన్నా ఆపరేటరు మూత వెయ్యడు. దర్జీ మనిషాయె, ఎక్కడో ఒకచోట సూది గుచ్చుకునే వచ్చేది. రోజూ చీవాట్లే.

చర్మం అట్టలా బిగుసుకుపోయే జబ్బు ఆమెది. కుడి చూపుడువేలి కొసన పుండు ఏడాదిగా మానలేదు. ముప్పై రోజులు ఆ గొట్టంలో ఒత్తిడి పెట్టి ప్రాణవాయువు పట్టిద్దాం, అప్పటికీ మానకపోతే వేలు తీసెయ్యక తప్పదని సర్జను తెగేసి చెప్పాడు. ఆ వేలు పోతే కుట్టు పోయినట్టే. కోడలికి అన్నం సయించేది కాదు.

తోడుగా, పదడుగులకోసారి ఆగి రొప్పుతూ వచ్చే అత్తగారు ఊరికే కూర్చునే రకమా? మూత తెరవగానే బుస్సుమని వచ్చే గాలిని కొంగులో పట్టి ముడేసుకునేది. మొదటి వారం నైలాను చీర కట్టుకొచ్చింది, ఇల్లు చేరేసరికి ముడులన్నీ ఖాళీ. నూలుదైతేనే నిలుస్తుంది, ఆ మాత్రం తెలీదా అని ఆపరేటరు విసుక్కున్నాడు. మర్నాటినుంచి నూలు చీరే.

ఇరవైమూడో రోజున యంత్రం పాడైంది. సర్జను పెట్టిన గడువులోపు బాగవదన్నారు. అప్పుడప్పుడే పుండు అంచున మానుతున్న గుర్తుగా ఎరుపు తిరుగుతోంది. అత్తగారు ఆమె చేతిని ఒళ్ళో పెట్టుకుని, పూటకో ముడి చొప్పున వేలిమీద విప్పింది. బిరుసెక్కిన వేళ్ళతో కోడలు తనంతట తాను విప్పుకోలేదు మరి.

గడువు రోజున సర్జను వేలు నొక్కి చూశాడు.

"యంత్రం ఆగినా పుండు పూడిందే?"

"కొంగులో కాస్త దాచాను లెండి," అంది అత్తగారు.

ఆయన తలూపి ఫైల్లో ఆ మాటే రాసి, ఆపరేషను తేదీ కొట్టేశాడు. కోడలు అక్కడే బావురుమంది. ఏడాదిగా దిగమింగిన ఏడుపది.

ఇంటి మెట్లెక్కుతూ అత్తగారు సగంలోనే చతికిలబడింది. కొంగున ఇంకా ఒక ముడి మిగిలి ఉంది.

"ఇన్నాళ్ళూ మీరు ఒక్కటైనా వాడుకోకూడదూ, అత్తయ్యా?"

"చలికాలం వచ్చి వేలు మళ్ళీ పగిలితే నీకే కావాలే."

కోడలు వినిపించుకోలేదు. ఆ బిగుతు ముడిలోకి తన చూపుడువేలు దూర్చి లాగింది. నొప్పి లేదు. అత్తగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మిగిలిన మెట్లు గబగబా ఎక్కేసి, పైనుంచి కేకేసింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉంది, ఎంతసేపే రావడం?"