తెల్లగా వచ్చిన పేజీలు

అనూరాధ పాత పుస్తకాలు స్కానింగ్ చేస్తే వంక పెట్టడానికి ఉండదని శ్రీకాకుళంలో పేరు. ఆ పేరే ఒకరి కొంప ముంచింది.

కళింగపట్నం నుంచి జగ్గమ్మ తెచ్చిన తత్వాల పుస్తకం ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఆమె మొగుడు రాముడు సాయంత్రాలు వాడలో అందరికీ చదివి వినిపించేవాడట. పోయిన కార్తీకంలో సముద్రం మీద వేటకెళ్లి మళ్లీ రాలేదు.

"మా మావ పుస్తకమమ్మా. ఇది ఇంక నిలవదు. అచ్చం ఇలాటిదే ఇంకోటి సేసియ్యి," అంది.

అచ్చం ఇలాటిదే! ఆ మాట అనూరాధ చెవికెక్కితేగా. ఒక పేజీ టీ రంగు, ఇంకోటి పసుపు. మెషీను పేజీ పేజీకీ వెలుతురు తనే మార్చుకోవడంతో మొదటిది నల్లగా, రెండోది పాలిపోయి వచ్చాయి. మొదటి పేజీ ప్రింటు చూసి ఛీ అనుకుని ఆ కాగితాన్ని మెషీను కిందకి విసిరేసింది. ఆ రెండు ఫైళ్లూ తుడిచేసి, మెషీనులో ఆటో సెట్టింగు తీసేసింది. అన్నిటికన్నా మాసిన పేజీ పెట్టి, అది తెల్లకాగితంలా వచ్చేదాకా వెలుతురు పెంచి, అదే సెట్టింగులో నూట అరవై పేజీలూ లాగించింది. అబ్బ, ఏం వచ్చాయి, మల్లెపూలే! అంచుల్లో ఎవరో గీకిన సన్నటి పెన్సిలు గీతలు కూడా మురికితో పాటే పోయాయి. పీడా పోయిందనుకుంది.

జగ్గమ్మ కొత్త పుస్తకాన్ని కళ్లకద్దుకుని, పాతదీ తీసుకుని వెళ్లింది. శిథిలమైన దేవుడి పుస్తకాన్ని వాళ్లు చిత్తుకు వేయరు, నీళ్లలో కలుపుతారు. ఆ సాయంత్రమే పసుపు గుడ్డలో చుట్టి, వంశధార సముద్రంలో కలిసేచోట వదిలేసింది.

మూడో రోజు మళ్లీ వచ్చింది. కొత్త పుస్తకం బల్ల మీద తెరిచి ఖాళీ అంచులు తడిమింది.

"మా మావ సేతిరాత ఏదమ్మా? రోజూ అంచుల్లో ఏదో రాసేవోడు. నాకు సదువు రాదు. ఏటి రాస్తన్నావు మావా అంటే నవ్వేవోడు. మా అమ్మడికి ఇప్పుడిప్పుడే ఒత్తులొచ్చాయి, దాని సేత సదివించుకుందునని..."

అనూరాధ గబగబా ఫైళ్లన్నీ తెరిచింది. వెలుతురు తగ్గించింది, నలుపు పెంచింది. అచ్చు అక్షరాలు ముదిరాయి గానీ అంచుల్లో నలుసైనా లేదు. మెషీను పట్టుకోనిదాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని మెషీను కిందకి చేయి పెట్టి, దుమ్ముకొట్టుకుపోయిన ఆ నల్లటి ప్రింటు లాగింది. మూలన పెన్సిలు రాత అలాగే ఉంది.

"సదువమ్మా," అంది జగ్గమ్మ.

"గాలి ఎక్కువ. పడవ తియ్యలేదు. జగ్గికి జొరం తగ్గింది."

జగ్గమ్మ ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని ఆశగా చూసింది.

"మిగతాయాటిలో ఏటి రాసినాడమ్మా? నువ్వు అన్ని పేజీలూ సూసినావు కదా!"

చూసింది. నూట అరవై పేజీలూ ఒక్కొక్కటే చూసింది, రంగు సమంగా వచ్చిందా లేదా అని. ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు.

"చదవలేదు జగ్గమ్మా," అంది అనూరాధ. "ఒక్కటి కూడా చదవలేదు."