మూల గది మాత్ర

దుప్పటి నాలుగో కొసను పరుపు కిందికి నెట్టేటప్పటికి ఓడ పక్కకి ఒరిగింది. అతను మంచం పట్టీ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చాడు. ముక్కుతో పీలిస్తే తివాచీ వాసన, సెంటు వాసన, రాత్రి ఎవరో సగం తిని వదిలేసిన చేప వాసన కలిసి నేరుగా కడుపులోకి పోతాయి. నోటితో పీలిస్తే కొంత నయం. ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. వాంతులే నేర్పాయి.

ఓడ మళ్ళీ నిలబడింది. దుప్పటి మీద ముడత పడింది. మళ్ళీ లాగాడు.

ఆ షికారు ఓడలో కింది అంతస్తు నడవాకి కుడిచేతి వైపు గదులన్నీ అతనివి. అతనివంటే, అతను ఊడ్చేవి. పక్కలు వేయాలి, స్నానాల గదులు కడగాలి, తువ్వాళ్ళు మార్చాలి, ప్రయాణికులు ఎదురొస్తే గోడకి ఆనుకుని దారి ఇవ్వాలి. సిబ్బంది అతన్ని నిమ్మకాయ మామ అంటారు. సామాను తోసుకెళ్ళే బండి కింది అరలో, సబ్బుల డబ్బాలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ పెట్టుకుంటాడు. ఎవరూ లేనప్పుడు తీసి వాసన చూస్తాడని ఎవడో కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. పెట్టినవాడు ఉద్యోగం మానేసి పోయాడు. పేరు పోలేదు.

ఆ నిమ్మకాయ భార్య ఇచ్చింది. ఆమెకి బస్సు పడేది కాదు, ఎక్కితే చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. ఓడంటే పెద్ద బస్సు లాంటిదేననుకుని, అతను బయలుదేరిన ప్రతిసారీ పెట్టెలో బట్టల మధ్య ఒకటి పెట్టేది. ఇది ఆఖరిది. ఎండి, నల్లబడి, గోలీ కంటే కాస్త పెద్దదిగా మిగిలింది. ఊపితే లోపల గింజలు చప్పుడు చేస్తాయి. వాసన పోయి చాలా కాలమైంది. అయినా చూస్తాడు.

అతనికి సముద్రం పడదు. మొదటి రోజున పడలేదు, ఇప్పటికీ పడదు. కొన్నాళ్ళకి ఒంటికి అలవాటవుతుందని అందరూ అన్నారు. అందరికీ అయింది కూడా. అతని ఒళ్ళు మాత్రం మొండికేసింది.

ఇది పైవాళ్ళకి తెలియకూడదు. ప్రమాదం గంట మోగితే తన నడవాలోని ప్రయాణికుల్ని పడవల దగ్గరికి చేర్చాల్సింది గది పనివాడే. అలలకి కళ్ళు తేలేసేవాణ్ణి ఆ పనిలో ఉంచరు. ఆ నియమంలో తప్పేమీ లేదని అతనికీ తెలుసు. సిబ్బందిలో ఎవరైనా వికారమంటూ మందుల గదికి పోతే పేరు రాసుకుంటారు. మాటిమాటికీ పోతే, తర్వాత వచ్చే రేవులో పెట్టె చేతికిచ్చి దింపేస్తారు. అతని కళ్ళ ముందే ఎంతమందినో దింపారు. అందరూ కుర్రవాళ్ళే. వాళ్ళకి ఒడ్డు మీద ఇంకేదో ఉంటుంది.

అతనికి ఒడ్డు మీద ఉన్నది కూతురి ఇల్లు. సెలవులకి అక్కడే దిగుతాడు. అల్లుడు మంచివాడు. మామగారు వచ్చారని తన కుర్చీ ఖాళీ చేస్తాడు. ఆయన వెళ్ళేదాకా మళ్ళీ అందులో కూర్చోడు. తాను కూర్చోలేక, అల్లుడు కూర్చోక, ఆ కుర్చీ ఖాళీగా నడింట్లో పడి ఉంటుంది. ఎప్పుడు వెళ్తున్నారని అల్లుడు ఏనాడూ అడగలేదు. మనవరాలు అడుగుతుంది. చిన్నపిల్ల, ఇంట్లో విన్నదే అడుగుతుంది.

అందుకని అతను ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. ప్రయాణికులకి వికారం తగ్గే మాత్రలు ఊరికే ఇస్తారు, పేరు అడగరు, గది ఏదో చెబితే చాలు. మంచం దిగలేనివాళ్ళ తరఫున గది పనివాడు వెళ్ళినా ఇస్తారు. గాలి లేచిన రోజున అతను మందుల గది కిటికీ ముందు నిలబడి ఏదో ఒక గది చెబుతాడు. కాగితం కప్పులో మాత్ర వేసి ఇస్తారు. మలుపు తిరిగేలోపు మింగేస్తాడు. చెప్పిన గది మళ్ళీ చెప్పడు. అలలకి చలించని గట్టి మనుషులున్న గది చూసుకుని చెబుతాడు.

ఆ పొద్దున మూల గది చెప్పాడు.

మూల గదిలో ఒక ముసలి జంట ఉంది. ఆయన మెతక. ఆవిడ మాత్రం పిడుగు. ఓడ ఎక్కిన దగ్గర్నుంచి పై అంతస్తులో గాలికి ఎదురు నిలబడి కొంగు ఎగరేసుకుంటూ నవ్వేది. ఆవిడకి మాత్ర అవసరం పడుతుందని ఎవరూ అనుకోరు.

కిటికీలో ఉన్న నర్సమ్మ కూడా అనుకోలేదు. ఆ పిల్ల అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

“ఆవిడకా? నిన్న పైన చిన్నపిల్లలతో పోటీపడి నడిచింది కద బాబాయ్.”

“నిన్న నిన్నే కదమ్మా.”

నర్సమ్మ అతని ముఖం కేసి కాస్త ఎక్కువసేపే చూసింది. మాత్ర కప్పులో వేస్తూ, ఇది గట్టి మందనీ, రాత్రి భోజనాల వేళ దాకా ఆ గదికి ఇంకోటి ఇవ్వననీ చెప్పింది. అతను తలూపి, మలుపు తిరిగి, మింగాడు.

మాత్ర పనిచెయ్యడం మొదలుపెడితే నాలుక ఎండిపోతుంది, కళ్ళు బరువెక్కుతాయి. ఆ బరువుతోనే గదులు చేసుకుంటూ పోయాడు. గాలి పెరిగింది. ఎక్కడో పళ్ళేలు జారి పగిలిన చప్పుడైంది. నడవా ఒకసారి ఎత్తుకి, ఒకసారి పల్లానికి పోతోంది. బండి తనంతట తాను కదలకుండా చక్రానికి తువ్వాలు అడ్డం పెట్టాడు.

మూల గది తలుపు తెరుచుకుంది. ముసలాయన చెప్పుల్లేకుండా, బనీనుతో బయటికొచ్చి, తలుపు పట్టుకుని వేలాడుతూ “బాబూ” అన్నాడు.

ఆవిడ మంచం మీద ముడుచుకుని ఉంది. ముఖం పిండి ఆరేసిన బట్టలా ఉంది. చెత్తబుట్టే వాంతి బుట్ట అయింది. పొద్దున లేచింది మొదలు ఇదే వరసట. మందేమన్నా తెచ్చిపెట్టమన్నాడు ముసలాయన. అతను బుట్ట తీసుకెళ్ళి కడిగాడు. తెచ్చి మంచం పక్కన పెట్టి, మందుల గదికి నడిచాడు.

మందుల గది ముందు జనం బారులు తీరి ఉన్నారు. రద్దీ చూసి డాక్టరు కూడా వచ్చి నర్సమ్మ పక్కన కూర్చున్నాడు. అతను మూల గది అన్నాడు.

నర్సమ్మ పొద్దున ఇచ్చాను కదా అంది. డాక్టరు తలెత్తకుండానే, ఆ వయసులో మోతాదు మీద మోతాదు పడితే మనిషి లేవదన్నాడు. మంచినీళ్ళు గుక్కగుక్కగా పట్టించమన్నాడు. సాయంత్రం దాకా తగ్గకపోతే అప్పుడు చూస్తానన్నాడు. అతను అలాగేనండీ అని వెనక్కి వచ్చాడు.

వచ్చి, పక్క గది చేశాడు. దాని పక్కది చేశాడు. సముద్రం పడక చచ్చినవాళ్ళు లేరని తనకి తాను చెప్పుకున్నాడు. తనకన్నా ఎక్కువ వాంతులు చేసుకున్నవాళ్ళు ఈ ఓడలో లేరు, తాను బతికే ఉన్నాడు. సాయంత్రానికి రేవు వస్తుంది, గాలి పడిపోతుంది, ఆవిడ లేచి కూర్చుంటుంది. అన్నీ నిజాలే.

అతని భార్యకి కూడా మొదట వాంతులే. అతను ఓడ మీద ఉన్నాడు. ఇంట్లో ఆమె తమ్ముడున్నాడు. ఏదో అరక్క అయ్యుంటుందిలే అక్కా, పొద్దున చూద్దాం అన్నాడట. పొద్దునకి చూడ్డానికి మనిషి లేదు. అతను వచ్చాక బావమరిది కాళ్ళ మీద పడబోయాడు. అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. కూతురి పెళ్ళిలో ఎదురుపడితే గోడ వైపు తిరిగాడు. బావమరిది ఇప్పుడు మంచంలో ఉన్నాడని కూతురు ఫోనులో చెబితే, తీగ తెగిందేమో, వినపడటం లేదని పెట్టేశాడు.

శుభ్రమైన దుప్పట్లు తీసుకుని మూల గదికి వెళ్ళాడు. ఆవిడ తాగిన నీళ్ళు తాగినట్టే బయటికొచ్చాయట. ముసలాయన ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తియ్యడం లేదు, నిమరడం లేదు, ఊరికే ఉంచాడు. తడిసిన దుప్పటి తీసి కొత్తది పరిచి, అతను తలుపు దాకా వచ్చాడు.

“మందు దొరకలేదా బాబూ?”

“ఈ పూటకి ఇవ్వరటండీ. సాయంత్రం చూద్దాం.”

అన్నాక అతని చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది.

బావమరిది ఆ మాట అన్నప్పుడు అతను వినలేదు. అయినా ఎలా అని ఉంటాడో ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాడు. సరిగ్గా ఇలాగే. మర్యాదగా, పని తొందరలో, తలుపు మీద చెయ్యి వేసి. బావమరిదిని క్షమించాలని అతనికి అప్పుడు కూడా అనిపించలేదు. తనని తానే తీసుకెళ్ళి వాడి పక్కన నిలబెట్టుకున్నాడు, అంతే.

దుప్పట్ల మూట నడవాలోనే వదిలేసి మందుల గదికి నడిచాడు. వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది.

“పొద్దున మూల గది పేరు చెప్పి తీసుకెళ్ళిన మాత్ర ఆవిడకి ఇవ్వలేదండీ,” అన్నాడు డాక్టరుతో.

నర్సమ్మ గబుక్కున అందుకుంది. “గది తప్పు చెప్పావేమో బాబాయ్. ఎదురు గదికి ఇచ్చుంటావు, గుర్తు తెచ్చుకో.”

ఆ పిల్లకి ఎప్పుడో తెలుసని అతనికి అప్పుడు అర్థమైంది. అవునంటే సరిపోతుంది. కానీ అవునంటే, ఇంకాసేపట్లో ఎదురు గదివాళ్ళు వచ్చి అడిగితే ఇవ్వరు.

“కాదమ్మా. నేను మింగాను.”

డాక్టరు తలెత్తాడు. వయసులో చిన్నవాడే, పొద్దుట్నుంచి కూర్చుని అలసిపోయి ఉన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగాడు.

“ఎక్కినప్పట్నుంచి.”

“ఎక్కిందెప్పుడు?”

“తమరు బళ్ళో ఉండుంటారు.”

వరసలో ఎవరో నవ్వారు. డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు. మూల గదికి మాత్ర ఇమ్మని నర్సమ్మతో చెప్పి, ఫోను తీశాడు. అతని చేతికి కప్పు ఇస్తూ నర్సమ్మ అతని వైపు చూడలేదు.

మాత్ర ఆవిడ నాలుక మీద అతనే పెట్టాడు. రెండు గుక్కల నీళ్ళు పట్టించాడు. ఈసారి లోపలే ఉన్నాయి. ముసలాయన ఊపిరి వదిలి, ఒక్క మాత్రకి ఇంతసేపా అని విసుక్కున్నాడు. రద్దీగా ఉందండీ అన్నాడు అతను. తువ్వాళ్ళు ఇంకో రెండు ఇచ్చి వెళ్ళమన్నాడాయన. ఇచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పనివాళ్ళ మేస్త్రీ పిలిచాడు. తలుపు వేసి, కూర్చోమని కుర్చీ చూపించాడు. మంచి కబురైతే నిలబెట్టే చెప్పేవాడు.

“ఇన్నేళ్ళూ దాచావా మామా? నాతో ఒక్క ముక్క చెప్పుంటే బట్టలుతికే గదిలో వేసేవాణ్ణి. ఓడ మధ్యలో, అడుగున. అక్కడ ఊపే తెలీదు.”

చెప్పుంటే వేసేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అతను, అవునండీ, పొరపాటైంది అన్నాడు. మేస్త్రీకి ఆ మాట కావాలి, తనకి బేరమాడే ఓపిక లేదు. సాయంత్రం రేవులో దిగాలి. పెట్టె సర్దుకోమన్నాడు.

పెట్టె సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. జోళ్ళు, రెండు చొక్కాలు, కూతురి పెళ్ళి ఫోటో, గడ్డం గీసుకునే సామాను. పక్క గుడ్డలు మడిచి దిండు మీద పెట్టాడు. పై మంచంలో ఉండేవాడు డ్యూటీలో ఉన్నాడు. చెప్పి వెళ్దామని కాసేపు చూశాడు, రాలేదు.

బయటికొచ్చేటప్పటికి నడవాలో అతని బండి లేదు. అప్పుడే ఎవరికో అప్పగించారు. దూరంగా మలుపు అవతల దాని చక్రం కీచుమంటోంది. ఆ చక్రానికి నూనె వెయ్యమని అతను ఎన్నిసార్లో చెప్పాడు. పెట్టె చేతిలో పట్టుకుని నిలబడి విన్నాడు. అటు వెళ్ళలేదు. మూల గది తలుపు మూసి ఉంది. లోపల మాటలేవీ వినపడలేదు. నిద్రపోతున్నట్టున్నారు.

దిగే మెట్ల దగ్గర నర్సమ్మ నిలబడి ఉంది. కాగితంలో చుట్టిన మాత్రలు అతని చొక్కా జేబులో పెట్టబోయింది.

“బస్సెక్కాలి కదా బాబాయ్.”

“బస్సు నాకు పడుతుందమ్మా,” అని అతను ఆ చెయ్యి మెల్లగా పక్కకి తీశాడు. “ఇంకెవరికన్నా ఇయ్యి.”

గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్ళు నూనెలా ఉన్నాయి. అతను మెట్లు దిగి రేవు గట్టు మీద కాలు మోపాడు. నేల ఊగింది. ఎప్పటిలాగే కాసేపు ఆగి, అది నిలబడదని తెలిసి, ఊగుతున్న దాని మీదే నడిచి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకి ఓడ మళ్ళీ కదిలింది. రేవు దాటాక అల తగిలింది. కింది అంతస్తు నడవాలో, గోడకి ఆనించి వదిలేసిన బండి కింది అరలో, కొత్త సబ్బులు నింపడానికి ఖాళీ చేసిన డబ్బాలో, ఎందుకో ఎవరూ పారెయ్యని ఎండు నిమ్మకాయ ఒకటి అటు దొర్లి ఒకసారి, ఇటు దొర్లి ఒకసారి, గింజల చప్పుడు చేస్తూ ఉంది.