జానీబీ చేతిలోంచి జారినవి

మీ చేతిలోంచి స్టీలు గ్లాసు జారితే ఎంతసేపటికి నేలమీద పడుతుంది? చెప్పండి, ఇందులో సిగ్గుపడేదేముంది? జారగానే పడుతుంది, ఆ మాత్రం తెలియదా అంటారు. గుంటూరు శివార్లలో, కోల్డ్ స్టోరేజీల వెనకున్న కాలనీలో జానీబీ వాళ్లింట్లో ఇదే మాట అడగండి. వేరే జవాబు వస్తుంది.

ఆ ఇంట్లో పొద్దున ఆరూ పది అయ్యేసరికి అందరూ వంటగది గుమ్మం దగ్గరే ఆగేవాళ్లు. నిన్న ఆరూ పదికి జానీబీ కుడిచేతిలోంచి జారిన గ్లాసు పొయ్యిగట్టు పక్కన, నడుమెత్తున, గాల్లో నిలబడి ఉండేది. దాని కింద నేలమీద చాక్‌పీసుతో గీసిన సున్నా, సున్నాలో టైము. ముల్లు అక్కడికి రాగానే గ్లాసు ఖణేలుమని పడేది. నిన్నటి టీ నిన్నటంత వేడిగా గచ్చు మీద పారేది. కూతురు నాజియా గుడ్డతో తుడిచి, సున్నా చెరిపేసి, "ఇవాళ ఇంకేమున్నాయమ్మా?" అని అడిగేది.

"తొమ్మిదింపావుకి దువ్వెన. రెండింటికి సబ్బుపెట్టె. బాత్రూంలో తలెత్తి చూసుకోమని నాన్నకి చెప్పు."

జానీబీ భర్త హుస్సేన్ సాహెబ్ పరుపులు కుడతాడు. బరువైనదేదైనా జారిన రోజు దాని కింద పాత బొంత మడిచి పెట్టి పనికి పోయేవాడు. ఎదురింటి నస్రత్ పంచదార కోసం వచ్చినా గుమ్మంలోనే నిలబడి, "వదినా, ఎక్కడేం వేలాడుతోంది?" అని అడిగిగానీ లోపలికి అడుగు పెట్టేది కాదు. గాల్లో ఆగినవి లాగినా రావు, నెట్టినా కదలవు. వాటి టైముకి అవి పడతాయి, అంతే.

మొదట్లో ఇంతసేపు ఆగేవి కావు. జానీబీ మిర్చి షెడ్డులో చేరి పదకొండు సీజన్లయింది. పని, ఎండుమిరపకాయల ముచ్చికలు తీయడం. కాయ అందుకోవాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముచ్చిక పట్టి తుంచాలి, కాయ ఒక పక్కకి, ముచ్చిక ఒక పక్కకి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా మణికట్టు అదే వంపులో ఉండాలి. నాలుగో సీజన్లో వేళ్లు చిమచిమలాడటం మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. నిద్రలో చెయ్యి మంటెత్తి లేచి కూర్చునేది, విదిలించుకునేది.

మిర్చి పనిలో చెయ్యి మండితే ఎవరైనా ఏమనుకుంటారు? పక్కన కూర్చునే రాఘవమ్మ అదే అనుకుంది. "కారం నరాల్లోకి దిగిందే. మజ్జిగలో పెట్టు." రాఘవమ్మకి అరవై దాటాయి, షెడ్డులో అందరికన్నా పాత మనిషి. ఆమె మాటకి ఎదురు లేదు. సాయంత్రం కుళాయి దగ్గర పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఒకే తపేలా మజ్జిగలో వంతులవారీగా చేతులు ముంచేవాళ్లు. ఏడేళ్లు ముంచారు. ఆ కారం చిటికెనవేలిని మాత్రం ఎందుకు వదిలేసిందో ఒక్కరూ అడగలేదు!

తిమ్మిరి ముదిరినకొద్దీ గ్లాసు నిదానించింది. మొదట రెప్పపాటు. తర్వాత మొహం కడుక్కొచ్చేంతసేపు. తర్వాత ఒక పూట. నిరుటికి సరిగ్గా ఒక రోజు.

ఈ జనవరిలో మరుగుతున్న పప్పుచారు గిన్నె జారింది. సున్నా గీశారు, టైము రాశారు. మర్నాడు ఆ టైముకి నాజియా ఫోన్లో మాట్లాడుతూ ఒక్కడుగు వెనక్కి వేసింది. పాదం మీద తోలు ఊడింది.

నాజియా నర్సింగ్ మూడో ఏడు. కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని, తల్లి చెయ్యి ఒళ్లోకి లాక్కుని, మణికట్టు మీద రెండు వేళ్లతో టకటకా కొట్టింది.

"వేళ్లలోకి కరెంటు కొట్టిందా?"

"కొట్టింది."

"ఇప్పుడిలా వంచి ఒక నిమిషం ఉంచు." నిమిషం కాకుండానే మూడు వేళ్లూ మొద్దుబారాయి. "ఇది కారం కాదమ్మా. మణికట్టులో ఇరుకు సందు ఒకటుంటుంది, నరం దాంట్లోంచే వేళ్లలోకి పోవాలి. నీకు ఆ సందు మూసుకొస్తోంది, నరం నలుగుతోంది. మజ్జిగ కాదుకదా, పాలసముద్రంలో ముంచినా తగ్గదు."

నాజియా చదువుకునే ఆసుపత్రికి చేతుల డాక్టరు శ్రీరమ్య నెలకి ఒక్కరోజే వస్తుంది. పదింటికల్లా ఒంగోలు కారెక్కాలి. జానీబీ చేతులకి వైర్లు అంటించి, స్క్రీను మీద గీతలు చూసి, "మణికట్టు దగ్గర కబురు ఆలస్యమవుతోంది. రెండు చేతులకీ" అంది.

"పట్టీలు కట్టుకుంటే, సూది వేస్తే పోదామ్మా?"

"నాలుగేళ్ల ముందొస్తే పోయేదేమో. కుడిది ఇప్పుడు చేద్దాం, ఎడమది రెండు నెలలకి. ఇంకా జాగు చేశావంటే ఈ బొటనవేలి కింద కండ ఎండిపోతుంది. ఎండిందంటే మళ్లీ రాదు."

జానీబీ తన అరచెయ్యి అప్పుడు చూసుకుంది. కండ ఉండాల్సిన చోట వేలితో నొక్కినట్టు గుంట.

ఆపరేషన్ పావుగంట. చెయ్యికి మాత్రమే మత్తు. నరాన్ని అదుముతున్న పట్టీని లోపల డాక్టరు కోస్తున్నప్పుడే బయట బెంచీ మీద నాజియా ఫోను మోగింది. నస్రత్.

"ఏమే, మీ ఇంట్లో అన్నీ ఒక్కసారే పడ్డాయి! అట్లకాడ మూడింటికి కదా? ఇప్పుడే పడిందేంటి?"

కుడిచెయ్యి విడుదలైందని ఆ ఇంటికి అలా తెలిసింది. ఎడంచేతిలోంచి జారినవి మాత్రం ఇంకా మర్నాటిదాకా ఆగేవి.

తర్వాతి రోజులు దిండు మీద గడిచాయి. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి. గంటకోసారి వేళ్లు ముడవాలి, తెరవాలి. పన్నెండో రోజు కుట్లు తీశారు. మచ్చ మీద కొబ్బరినూనె రాసి నాజియా బొటనవేలితో రుద్దుతుంటే అరచేతి మొదలు సలిపేది. డబ్బా మూత తియ్యలేక జానీబీకి ఏడుపొచ్చేది. కానీ మొదటిరోజు నుంచే నిద్ర పట్టింది. నాలుగో వారంలో కుడిచేత్తో ఖాళీ గ్లాసు పట్టుకుని, కావాలనే వదిలింది. ఖణ్! అప్పుడే పడింది. తీసి మళ్లీ వదిలింది. మళ్లీ.

"చిన్నపిల్లవా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్, నవ్వుతూ.

ఆరో వారంలో షెడ్డు గుమాస్తా అంకమ్మరావు ఫోన్ చేశాడు. "ఎన్నాళ్లని నీ చోటు ఉంచను? కనిగిరి నుంచొచ్చినవాళ్లు అడుగుతున్నారు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకో, ఎడంచేత్తో తియ్."

"ఇంకో రెండు వారాలు ఆగలేవా?" అని నాజియా ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"నేను ఆగుతానే. చోటు ఆగదు."

జానీబీ వెళ్లి తన చోట కూర్చుంది. ఎడంచేతి ఆపరేషన్ వారం వచ్చేసరికి షెడ్డు నిండా కాయ. నడవడానికే దారి లేదు. ఆడవాళ్లు కూర్చునే వరస వెనక పధ్నాలుగు బస్తాల ఎత్తున దొంతర. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన బస్తాలు చెమర్చి మెత్తబడ్డాయి. దొంతర రోజుకో వేలెడు ముందుకి ఒరుగుతోంది. అందులో కాపురమున్న ఎలుకలు సోమవారం పిల్లల్ని నోట కరుచుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాయి. బస్తాలు మోసే ఇమ్మానియేలు, "మధ్యలో కుంగింది సార్, దించి పేర్చాలి" అన్నాడు.

"బుధవారం మధ్యాహ్నం కంటైనర్ పోనీరా. తర్వాత పేరుద్దాం."

మంగళవారం పదకొండూ ఇరవైకి జానీబీ మంచినీళ్లకి లేచింది. వెనక గోనె చిరిగినట్టు ఒక చప్పుడు. తిరిగి చూస్తే పైవరసలు ఆమె మీదికే వస్తున్నాయి. ఆలోచించలేదు. ఎడంచెయ్యి ఎత్తింది. ముందొచ్చిన బస్తా అరచేతికి తగిలింది, దాని వెనక మిగతావన్నీ. ఆ చెయ్యి దువ్వెననే పట్టుకోలేదు, నలభై బస్తాల్ని పట్టుకుంటుందా? జారిపోయాయి.

జారి, ఆగాయి. పద్దెనిమిది మంది నెత్తిన, నిలబడితే కొప్పుకి తగిలేంత ఎత్తులో, నలభై బస్తాలూ ఒకదానికొకటి ఆనుకుని గాల్లో ఉన్నాయి. ఒక చిరుగులోంచి కాయలు బయటికొచ్చి అవీ అక్కడే ఆగాయి. 

"నీ ఎడంచెయ్యి చల్లగుండ" అని రాఘవమ్మ గొణిగింది.

అంకమ్మరావు వచ్చాడు. పైకి చూశాడు. జానీబీ చేతి లెక్క షెడ్డంతటికీ తెలిసిందే, తర్వాత వాచీ చూశాడు. "రేపు పదకొండూ ఇరవై. ఇంకా ఇరవై నాలుగ్గంటలుంది. కూర్చోండి, కూర్చోండి. రేపు పదకొండుకి నేనే లేపుతాను."

కూర్చున్నారు! అదే చెబుతున్నాను. ఆ నీడలో కూర్చుని మళ్లీ ముచ్చికలు తీశారు. బయట ఎండ, లోపల చల్లగానే ఉందని ఒకామె అంది కూడా.

జానీబీ ఒక్కతే కూర్చోలేదు. "అంకమ్మరావుగారూ, రేపు తొమ్మిదికి నా ఎడంచెయ్యి ఆపరేషన్. కోస్తే అప్పుడే పడతాయి. పదకొండుదాకా ఆగవు."

"అయితే వాయిదా వేసుకో."

"వేస్తే మళ్లీ నెలకి. నా చేతిలో కండ అప్పటిదాకా ఉండదు."

"ఇన్నేళ్లు లేని తొందర ఇప్పుడొచ్చిందా?"

"ఇన్నేళ్లూ వాయిదానే వేశానండీ."

ఆమె చాక్‌పీసు తెచ్చి బస్తాల నీడ చుట్టూ గీత గీసింది. గీత లోపల 'రేపు తొమ్మిది' అని పెద్దగా రాసింది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చెప్పింది. సాయంత్రం ఆమె గేటు దాటగానే అంకమ్మరావు ఆ గీతని చీపురుతో ఊడ్పించాడు.

బుధవారం పొద్దున జానీబీ ఆపరేషన్ టేబుల్ మీద పడుకుంది. కూతుర్ని తనతో రానివ్వలేదు, షెడ్డుకి పంపింది. మత్తు సూది వేశాక నర్సు ఫోను స్పీకర్ ఆన్ చేసి చెవి దగ్గర పెట్టింది.

"ఎంతమంది బయటికొచ్చారే?"

"పదహారు మంది. రాఘవమ్మ పెద్దమ్మ రావట్లేదు" అంది నాజియా.

అంకమ్మరావు ఫోను లాక్కున్నాడు. "డాక్టరుగారూ, పదకొండున్నరకి కొయ్యండి, కాస్త!"

"మీ కంటైనర్ టైముకా నేను ఆపరేషన్ చేసేది? ఆమెని లేపండి ముందు."

"అమ్మా, ఆగండి" అంది జానీబీ. "ఆమె వచ్చేదాకా కొయ్యొద్దు. మీరు వెళ్లిపోవాల్సొస్తే వెళ్లండి." శ్రీరమ్య గడియారం చూసింది. కత్తి పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాజియా ఫోను తిరిగి లాక్కుని, ఇంకా పూర్తిగా మానని కాలీడ్చుకుంటూ బస్తాల కిందికి వెళ్లింది. వంగి నడవాల్సొచ్చింది.

"పెద్దమ్మా, లే."

"టైము పదకొండూ ఇరవై అన్నాడుగా. నరం లేదు, గిరం లేదు. ఇంత కాయ ఉంది, అయిపోతుంది."

"అమ్మ నీకోసం చెయ్యి చాపుకుని పడుకుంది అక్కడ!"

"ఉండవే, గొంతు తడుపుకోనీ." రాఘవమ్మ పక్కనున్న చెంబు ఎత్తింది. మూడు వేళ్లూ ఎప్పటిలాగే మొద్దు. చెంబు జారింది.

చప్పుడు రాలేదు.

రాఘవమ్మ కింద వెతికింది. తర్వాత పైకి చూసింది. ఆమె మోకాలికి జానెడు ఎత్తున చెంబు ఒరిగి ఆగి ఉంది. అంచు దాటిన నీళ్లు కూడా అలాగే, మెడ వంచి. వేలితో నెట్టి చూసింది, కదల్లేదు. నాజియాకి పైన గోనెలు కిర్రుమన్నట్టనిపించింది.

"నాదీనా?"

"నీదే పెద్దమ్మా."

"మరి కారం?"

"కారం కాదు."

రాఘవమ్మ ఒళ్లోని ముచ్చికలు దులిపింది. మోకాళ్లు పట్టుకుని లేచింది, నాజియా భుజం పట్టుకుంది. గేటు దాకా వెనక్కి చూడలేదు. గేటు దాటాక మాత్రం, "నా చెంబే" అంది.

"రేపు పడుతుందిలే. అమ్మా, వచ్చేసింది!"

"మొదలుపెట్టండమ్మా" అంది జానీబీ.

తొమ్మిదీ ఇరవై రెండుకి ఆ చప్పుడు కాలనీ దాకా వినిపించింది. ఎర్రటి దుమ్ము రేకుల మీదుగా లేచి రోడ్డు మీదికొచ్చింది. ఆటోలు ఆగిపోయాయి. దుమ్ము అణిగాక చూస్తే అంకమ్మరావు కుర్చీ అప్పడమైంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "మరి కాయో? మధ్యాహ్నం కంటైనరో?" అన్నాడు.

"కాయ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది" అంది రాఘవమ్మ. "కుర్చీ లేదుగా, కింద కూర్చుని నువ్వే ఏరుకో నాయనా. రెండు చేతులూ బాగానే ఉన్నాయి నీకు."

 అందరూ కుళాయి వైపు చూస్తున్నారు. అక్కడ మజ్జిగ తపేలా ఉంది, పక్కన స్టీలు గ్లాసులున్నాయి. ఒకామె వెళ్లి గ్లాసు తీసి, ముందుకి చాపి, వదిలింది. ఖణ్. హమ్మయ్య అని పక్కకి జరిగింది. రెండో ఆమె వదిలింది. పడలేదు. మూడో ఆమెది పడలేదు. నాలుగో ఆమె వదలడానికి భయపడి గ్లాసు గుండెకి హత్తుకుంది. అయినా చివరికి వదిలింది. అందరూ వదిలేసరికి కుళాయి చుట్టూ పదకొండు గ్లాసులు గాల్లో నిలబడి ఉన్నాయి, ఎండకి మెరుస్తూ. నాజియా ఒక్కోదాని కిందా సున్నా గీసింది. తొమ్మిదో గ్లాసు దగ్గర చాక్‌పీసు అరిగిపోయింది.

జానీబీ ఎడంచెయ్యి దిండు మీద ఉంది. రాఘవమ్మ వచ్చే నెల వెళుతోంది. మిగతా పదిమందీ ఏం చేస్తారో నాకు తెలియదు. రోజంతా కాయ తుంచే, బట్ట కుట్టే, పత్తి తీసే, కీబోర్డు కొట్టే మీ సంగతీ నాకు తెలియదు. కాబట్టి ఇప్పుడే ఒక పని చెయ్యండి. లేచి వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసు తీసుకోండి. చెయ్యి చాపి వదలండి. అది గాల్లో ఆగిపోతే మజ్జిగ కోసం చూడొద్దు, గడియారమూ చూడొద్దు. దాని కింద ఎవరు కూర్చున్నారో చూసి, ముందు వాళ్లని లేపండి.