వదిన కారుకి డిస్కు బ్రేకులు

పొద్దున్నే పాలకి బయల్దేరిన వదిన పాలకొట్టు దాటి వెళ్ళిపోయేది. కొట్టతనికి అలవాటే. ఆవిడ వీధి మలుపు తిరగడం చూడగానే ప్యాకెట్టు పట్టుకుని నాలుగిళ్ళ అవతలికి నడిచి, అక్కడ నిలబడేవాడు. ఆవిడ వచ్చి సరిగ్గా అతని ముందు ఆగేది. "బాగున్నారా వదినా?" అంటే "ఆఁ" అనేది. అంతే. నిజానికి ఆవిడ ఆ వీధిలో ఉండే కార్ల మెకానిక్‌కి వదిన. అతను పిలుస్తున్నాడు కదా అని వీధి వీధంతా అలాగే పిలుస్తుంది, ఆవిడకంటే పెద్దవాళ్ళతో సహా.

మొగుడు పోయినప్పటి నుంచీ ఇదే వరస. ఆగాలనుకున్న చోట కాళ్ళు ఆగవు. మొదట్లో గుమ్మం దాటి ఓ అడుగు ఎక్కువ పడేది, తర్వాత ఇల్లు దాటిపోవడం, ఆ తర్వాత వీధి చివరిదాకా పోయి వెనక్కి రావడం. కుర్చీలో కూర్చుని తలగడ గలీబులు కుట్టుకుంటున్నంతసేపూ మామూలు మనిషే. లేచి నడిస్తేనే తంటా. ఏడుపు లేదు, నవ్వు లేదు, కోపమన్నా లేదు. తిండి పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు.

డాక్టరు ఆవిడ మోకాళ్ళు నొక్కి చూసి, "ఇంట్లో కారుందా? దానికేం బ్రేకులు?" అని అడిగాడు.

"డ్రమ్ము బ్రేకులండీ. పాత కారు" అన్నాడు వెంట వచ్చిన మెకానిక్.

"డిస్కులు వేయించండి" అని చెప్పి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచాడు.

చెప్పడం తేలికే. ఆ కారు మెకానిక్ షెడ్డులోనే ఓ మూల గుడ్డ కప్పుకుని ఉంది. అన్నయ్య ప్రాణం పెట్టి చూసుకున్న కారు. కొండ దిగే రోడ్డులో డ్రమ్ములు వేడెక్కిపోయి, ఎంత తొక్కినా బ్రేకు పడక, మలుపులో గోడని గుద్దింది. కారుకి ముక్కు సొట్టపోయింది, అంతే. స్టీరింగు గుండెకి కొట్టుకుని అన్నయ్య పోయాడు. అంతకుముందు ఆయన ఎన్నోసార్లు అడిగాడు, "డిస్కులు వేసేద్దాంరా" అని. "పాత బండికి పాత బ్రేకులే అందం అన్నయ్యా" అంటూ ఈయనగారు నవ్వి దాటేశాడు. ఇప్పుడా గుడ్డ ఎత్తాలంటే చేతులు రావు. ఊళ్ళో కార్లన్నీ బాగుచేస్తాడు, ఆ మూలకి మాత్రం పోడు.

ఇలా ఉండగా ఓ సాయంత్రం వదిన తన పాపని తీసుకురావడానికి స్కూలుకి వెళ్ళి, గేటు దాటిపోయింది. "అమ్మా!" అని పాప అరుస్తూనే ఉంది, ఆవిడ పోతూనే ఉంది. పాపం, పిల్ల వాచ్‌మన్ పక్కన బెంచీ మీద కూర్చుని చీకటి పడేదాకా ఎదురుచూసింది. తల్లి ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర దొరికింది.

మెకానిక్ అక్క కొండ కింద ఊళ్ళో ఉంటుంది, ఆవిడకి ఆ సంగతి తెలిసింది. మర్నాడే ఊడిపడింది. "ఇలాంటి తల్లి దగ్గర పిల్లని ఎలా ఉంచమంటావురా? ఆదివారం తెచ్చి నా ఇంట్లో దింపండి. నేను పెంచుకుంటాను."

"సరే" అంది వదిన, ఉప్పు ప్యాకెట్టు తెమ్మంటే అన్నట్టు.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. కన్నతల్లి అలా ఎలా అనగలదు? ఆ కోపంతోనే షెడ్డుకి వెళ్ళి గుడ్డ లాగి పారేశాడు. చక్రాలు విప్పాడు. డ్రమ్ములు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే సుత్తితో చుట్టూ కొట్టి ఊడదీశాడు. లోపల డ్రమ్ముని ఒరుసుకునే బ్రేకు షూలు కాలి నల్లగా మెరుస్తున్నాయి. వాటిని చూసి కాసేపు గుమ్మంలో కూలబడ్డాడు. మళ్ళీ లేచి నాలుగు చక్రాలకీ డిస్కులు ఎక్కించాడు, వాటిని రెండు వైపుల నుంచీ పట్టుకునే క్యాలిపర్లు బిగించాడు, కొత్త గొట్టాలు వేశాడు. బ్రేకు ఆయిలుని తోసే మాస్టర్ సిలిండరు మాత్రం పాతదే ఉంచేశాడు.

గొట్టాల్లో గాలి తియ్యాలంటే ఇద్దరుండాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చోవాలి. వదినని సీట్లో కూర్చోబెట్టాడు.

"తొక్కండి వదినా... పట్టుకోండి... ఆ, వదలండి."

"మీ అన్నయ్యకీ ఇలాగే చెప్పేవాడివా?"

"అబ్బే, ఆయనే నాకు చెప్పేవాడు."

పని అయ్యాక వదిన కారుని ఆవరణలో ఓ చుట్టు తిప్పి, బ్రేకు తొక్కింది. బండి ఠక్కున ఆగింది. దిగి షెడ్డు గేటుదాకా నడిచి, సరిగ్గా గేటు దగ్గర ఆగింది. మెకానిక్ చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆ సంబరం కాసేపే.

"పదండి వదినా, ఇంటికెళ్దాం."

"కాళ్ళు రావట్లేదు" అంది వదిన.

కారూ అంతే. తోస్తే కదల్లేదు. చక్రాలు ముట్టుకుంటే చురుక్కుమన్నాయి. స్కూలు నుంచి అక్కడికే వచ్చిన పాప స్టూలు తెచ్చి తల్లిని గేటు దగ్గరే కూర్చోబెట్టి, పక్కన చతికిలబడి హోంవర్కు రాసుకుంది. దారిన పోయేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు.

మెకానిక్ తల పట్టుకున్నాడు. కారణం తెలియక కాదు. డ్రమ్ములకైతే కాలు తీసేశాక కూడా గొట్టంలో కాస్త ఒత్తిడి మిగలాలి. అందుకని మాస్టర్ సిలిండరు మూతి దగ్గర చిన్న రబ్బరు వాల్వు పెడతారు. డిస్కులకి ఆ ఒత్తిడి మిగిలిందా, ఇక పట్టు వదలవు. పనిలో చేరిన కొత్తల్లోనే నేర్చుకునే ముక్క. కానీ ఆ సిలిండరు అన్నయ్య స్వయంగా విప్పి, కడిగి, బిగించుకున్నది. ఆయన చెయ్యి పడిన బోల్టులు కారు మొత్తంలో అవే మిగిలాయి. విప్పబుద్ధి కాలేదు, అదీ సంగతి.

"క్షమించు అన్నయ్యా" అని పైకే అని, స్పానర్ వేశాడు. వాల్వు పట్టుకుని లాగేసరికి ఆయిలు మొహం మీద చిమ్మింది. వెనకాల స్టూలు కిర్రుమంది. వదిన లేచి, పాప పుస్తకాలు సంచిలో సర్దుతోంది.

ఆ రోజు నుంచీ పాలకొట్టతను కొట్లోనే ఉండి ప్యాకెట్టు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆదివారం మాత్రం పాప పెట్టె కారెక్కింది.

"కాళ్ళు కుదుటపడ్డాయి కదా వదినా, ఇంకా పాపని పంపడం దేనికి?"

"పంపుతామన్నాం కదా" అంది, గొంతులో ఏ భావమూ లేకుండా. మెకానిక్ పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక పాప, పాప పక్కన పెట్టె.

వదినే నడిపింది. కారు కొండ దిగడం మొదలుపెట్టింది. గోడ విరిగిన మలుపు రాగానే ఆవిడ బ్రేకు తొక్కింది. కారు నెమ్మదిగా ఆగింది. ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగి, విరిగిన గోడవైపు నడిచింది. ఆ సందులోంచి కింద లోయ కనిపిస్తోంది. మెకానిక్ తలుపు తోసుకుని దూకాడు. "వదినా!" అంటూ పరిగెత్తాడు. అతను చేరేలోపే ఆవిడ అంచుకి మూరెడు ఇవతల ఆగిపోయి ఉంది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే వదినా."

"ఇక్కడ ఆగుంటే ఇంటికొచ్చేవాడు" అంది. అని, ఒక్కసారిగా బావురుమంది. కొండంతా వినిపించేలా ఏడ్చింది. మెకానిక్ కూడా ఏడ్చాడు, ఆవిణ్ణి ఆపలేదు, ఓదార్చలేదు. వెనకొచ్చిన లారీ కాసేపు ఆగి, హారన్ కొట్టకుండా పక్కనుంచి దిగిపోయింది.

చాలాసేపటికి మొహం తుడుచుకుని కారు దగ్గరికొచ్చింది. వెనక సీటు చూసింది.

"ఈ పెట్టె ఎవరు సర్దారే?"

"నువ్వేనమ్మా" అంది పాప.

"నేనా?" అంది వదిన. "నేనెందుకు సర్దాను?"

పాప చేతులు కట్టుకుని ముడుచుకు కూర్చుంది. కొండగాలికి వణుకుతోంది. వదిన పెట్టె తెరిచి, అడుగున ఉన్న స్వెట్టరు తీసి పిల్లకి తొడిగింది. ముందు సీట్లో తన పక్కన కూర్చోమంది. మెకానిక్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాక, కారు ఇంటివైపు తిప్పి కొండ ఎక్కించింది.