టోబిన్ దారి వెతికిన వేసవి

స్లో ఫెర్రీ బ్యాండు ఆ వేసవిలో వాయించినంత గొప్పగా మరెప్పుడూ వాయించలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లకేం పోయింది, పచ్చిక మీద కళ్లు మూసుకుని ఊగినవాళ్లు వాళ్లు. వేదిక మీద బేస్ గిటార్ పట్టుకుని నిలబడ్డ ఆరిన్ లెక్లేర్‌కు మాత్రం ఆ తొంభై ఏడు వేసవి గుర్తొస్తే ఇవాళ్టికీ తిండి సహించదు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో కాలేజీ ఎగ్గొట్టి నలుగురు కలిసి ఒక బారులో మంగళవారాలు వాయించడంతో మొదలైంది కథ. టోబిన్ మార్ష్ గిటారు, ఆరిన్ బేసు, వాండా డ్రమ్ములు, గస్ కీబోర్డు. తాగేవాళ్లు పదిమంది ఉంటే వినేవాడు ఒకడుండేవాడు, వాడూ బారు యజమాని తమ్ముడే. తర్వాత హీటరు పనిచెయ్యని వ్యాను వచ్చింది, ఆ తర్వాత బస్సు. రేడియో వాళ్లు ఈ బ్యాండును ఏనాడూ ఖాతరు చెయ్యలేదు, వీళ్లూ వాళ్లను చెయ్యలేదు. జనమే కర్రలకు మైకులు కట్టి కచేరీలు రికార్డు చేసుకుని, ఆ క్యాసెట్లు చేతులు మార్చుకుంటూ బ్యాండును ఊరూరా మోశారు. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించకపోవడం వీళ్ల పంతం. విన్న పాటే మళ్లీ వినడానికి రాష్ట్రాలు దాటి వెంట తిరిగేవాళ్లుండేవారు.

పాట మొదలవుతుంది, పల్లవీ చరణాలూ అవుతాయి, ఆ పైన నలుగురూ పాటను వదిలేసి చేతులు ఎటు లాగితే అటు వెళ్లిపోతారు. ఎంతదూరం పోయినా సరే, టోబిన్ ఒక చిన్న స్వరాల మలుపు వాయించగానే అందరూ వచ్చి పల్లవిలో పడాలి. ఆ మలుపు టోబిన్‌దే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి గస్ తొందరపడి వాయిస్తే టోబిన్ వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో, ఒహాయోలో, "ఉత్తరపు రేవు" అనే పాటలో ఆ మలుపు రాలేదు. టోబిన్ దాని దగ్గరిదాకా వచ్చేవాడు, పక్కనుంచి జారిపోయేవాడు. మళ్లీ వచ్చేవాడు, మళ్లీ జారిపోయేవాడు. అరగంట దాటింది. జనం వెర్రెత్తిపోయారు. చివరికి వాండాయే డ్రమ్ముల హోరు తగ్గించి, తగ్గించి, పాటను మధ్యలోనే ఆర్పేసింది. నేల అదిరేలా చప్పట్లు.

"ఏంట్రా, ఇవాళ ఇంటిదారి మర్చిపోయావా?" అన్నాడు ఆరిన్ నవ్వుతూ.

టోబిన్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

ఆ క్యాసెట్ నెల తిరిగేలోగా దేశమంతా పాకింది. స్లో ఫెర్రీ కొత్త దారి పట్టిందన్నారు, ఇన్నాళ్లకు బంధాలు తెంచుకుందన్నారు. జూన్ వచ్చేసరికి ఇంతకుముందు సగం కూడా నిండని మైదానాలు కిక్కిరిసిపోయాయి. టోబిన్ ఎంత ఎక్కువసేపు వెతుక్కుంటే జనం అంత ఎక్కువ పొంగిపోయారు. వాడు వెతుక్కుంటున్నాడని ఆ గుంపులో ఒక్కరికీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం వాడు బస్సు దిగి కార్ల పార్కింగులో మాయమయ్యాడు. చీజ్ రొట్టెలు కాల్చి అమ్ముకుంటూ బ్యాండు వెంట తిరిగే ఒక పిల్ల వాణ్ణి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చింది.

"మీవాడు దేవుడండీ బాబూ! ఎండలో మాతో పాటు గంటసేపు కూచున్నాడు. కొంచెమైనా గర్వం లేదు," అంది.

దాని వెనక నిలబడ్డ టోబిన్ ఆరు బస్సుల్లో తమ బస్సు ఏదో తెలియక ఒక్కొక్కదాన్నీ చూస్తున్నాడు. ఆరిన్ ఆ పిల్లకు థ్యాంక్స్ చెప్పి, ఏమీ జరగనట్టు తలుపు తీసి పట్టుకున్నాడు.

మర్నాడు పెన్సిల్వేనియాలో ఒక పాన్‌కేక్ హోటల్లో వాండా ఆరిన్‌ను నిలదీసింది.

"నీకూ తెలుసు, నాకూ తెలుసు. గస్‌గాడికి తెలిసినా తెలియనట్టే ఉంటాడు, వాడి సంగతి వదిలెయ్. టోబిన్‌తో ఎప్పుడు చెప్తావ్?"

"ఏమని చెప్పమంటావ్?"

"డాక్టరు దగ్గరికి పద అని చెప్పు! పదమూడేళ్ల వయసు నుంచీ ఒకే కంచంలో తిన్నారు గదా, నువ్వు కాక నేనా చెప్పేది?"

"టూరు అవనీ వాండా. ఆగస్టు వెళ్లనీ."

"టూరు అవనీ, ఆగస్టు వెళ్లనీ! జనం పెరిగారని మురిసిపోతున్నావ్ కదూ?"

"నోర్ముయ్," అన్నాడు ఆరిన్. పాన్‌కేక్ మీద సిరప్ పళ్లెం దాటి కారుతున్నా చూసుకోకుండా పోస్తూనే ఉన్నాడు.

ఆమె అన్నది అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు. పద్నాలుగేళ్లు వ్యానుల్లో నడుములు విరగ్గొట్టుకున్నాక మొదటిసారి జనం ఇలా విరగబడుతున్నారు. దాన్ని మించిన భయం ఇంకొకటి ఉంది. టోబిన్ లేకపోతే ఆరిన్ ఎవడు? వాడి పక్కన నిలబడటం తప్ప ఈ జన్మలో ఇంకేం నేర్చుకున్నాడు? చెప్పేస్తే ఆ చోటు కూడా ఉండదు. అందుకే రోజూ చెప్పాలనుకున్నాడు, రోజూ వాయిదా వేశాడు. అది పిరికితనమే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఆగస్టు చివర సొంత రాష్ట్రానికొచ్చారు. వెర్మాంట్‌లో ఒక సంత మైదానం, మిట్టమధ్యాహ్నం, కనుచూపు మేర జనం. విరామానికి ముందు వాయించే మొదటి సెట్ చివర టోబిన్ "ఉత్తరపు రేవు" అందుకున్నాడు. చరణాలు తడబడకుండా పాడాడు. పాట వదిలి బయల్దేరాక మాత్రం ఇక వెనక్కి రాలేదు. దగ్గరికొచ్చాడు, జారాడు. ఇంకోవైపు నుంచి వచ్చాడు, జారాడు. జనం చేతులెత్తి అరుస్తున్నారు. ఆరిన్ పక్కకు తిరిగి చూశాడు. టోబిన్ పెదాలు ఏదో గొణుగుతున్నాయి, కళ్లు తీగల మీద పారేసుకున్న వస్తువును వెతుకుతున్నట్టున్నాయి. బుగ్గల మీద కారేది చెమట కాదు.

ఇక చూడలేకపోయాడు. ఆ మలుపు తనే వాయించాడు, బేసు మీద, గట్టిగా.

వాండా మరుక్షణం అందుకుంది, గస్ అందుకున్నాడు. టోబిన్ తలెత్తాడు. వాడి వేళ్లు వాటంతటవే పల్లవిలో పడ్డాయి. పాట ముగిసింది. ముందు వరసలో ఎవడో "అప్పుడేనా!" అని ఉసూరుమన్నాడు.

వేదిక వెనక డేరాలో టోబిన్ గిటారు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. కోపంగా లేడు, అదే ఆరిన్‌ను మరీ భయపెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"టోబీ, అది..."

"ఎప్పట్నుంచి?"

"ఒహాయో నుంచి."

టోబిన్ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నాకొక్కడికే తెలుసనుకున్నాను. మీకు తెలిస్తే బాధపడతారని దాచుకుని చచ్చాన్రా."

"చెబుదామనే అనుకున్నాన్రా. రోజూ అనుకున్నా..."

"వేసవంతా అందరి ముందూ నేను దారి తప్పి ఏడుస్తుంటే, నువ్వు పక్కన నిలబడి తాళం వేశావు."

వాడు ఆరిన్‌ను కొట్టినా బాగుండేది. బయట రెండో సెట్ కోసం జనం కాళ్లతో నేలను దరువేస్తున్నారు.

"నేను రాను," అన్నాడు టోబిన్. "నువ్వెళ్లు. నాతో చెప్పలేకపోయిన మాట వెళ్లి వాళ్లకు చెప్పు."

ఆరిన్ ఒంటరిగా వేదిక ఎక్కాడు. అతణ్ణి చూడగానే మైదానమంతా కేరింతలు కొట్టింది, దూరంగా కర్రల మీది మైకులన్నీ పైకి లేచాయి. చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

"టోబిన్ ఈ పూట ఇక వాయించడు," అన్నాడు.

జనం చప్పట్లు ఆపలేదు. ఇదీ ఏదో కొత్త సరదా అనుకున్నారు. ఇప్పుడు కూడా సగమే చెప్పానని ఆరిన్‌కు అర్థమైంది, మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈ పూటే కాదు. ఇంకెప్పుడూ వాయించడు. వాడికి పాటలు గుర్తుండటం లేదు. ఏప్రిల్ నుంచీ గుర్తుండటం లేదు. మీరు చప్పట్లు కొట్టారు, నేను చెప్పలేదు."

ముందు వరసల్లో చేతులు ఆగిపోయాయి. మాట సరిగ్గా వినబడని వెనకవాళ్లు ఇంకా కొడుతూనే ఉన్నారు.