పడనివి

మిక్సీ జారు మూతకి ఉండే రబ్బరుని గోటితో లాగితే ఊడి వస్తుంది. దాని వెనక సన్నటి గాడి ఉంటుంది. జారుని ఎంత తోమినా ఆ గాడిలో చేరింది అక్కడే ఉండిపోతుంది. మా ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ రబ్బరు తీసి కడిగేది నేనొక్కదాన్నే.

నేను ఇంట్లో కేకులు చేసి ఇస్తాను. నాలుగేళ్ళయింది. ఎవరైనా ఫోన్ చేసి కేకు కావాలంటే, ఎన్ని కిలోలు, పైన ఏం పేరు రాయాలి అనేవాటికంటే ముందు ఇంకొకటి అడుగుతాను. తినేవాళ్ళలో ఎవరికైనా ఏదైనా పడదా అని. వాళ్ళు చెప్పింది పుస్తకంలో రాసుకుంటాను. ఊళ్ళో బడిలో మా లెక్కల పంతులమ్మ నేర్పినట్టు స్కేలు పెట్టి గడులు గీసుకున్న పుస్తకం అది. చివరి గడి పేరు 'పడనివి'. గుడ్డు, పాలు, జీడిపప్పు, ఇలా ఉంటాయి అందులో. ఒకావిడ ఎర్ర రంగు పడదంది. అదీ రాశాను.

ఇంట్లో వాళ్ళకి ఇదొక వేళాకోళం. మావారు నన్ను డాక్టరమ్మా అని పిలవడం అప్పుడే మొదలుపెట్టారు. మా రోజుల్లో రాళ్ళు తిన్నా అరిగేవి, ఇప్పటివాళ్ళకి గాలి కూడా పడదు అంటారు అత్తగారు. పోయినసారి వచ్చినప్పుడు ఆడపడుచు తనకీ ఒక కేకు కావాలంది. అలవాటు కొద్దీ తననీ అడిగాను, మీ ఇంట్లో ఎవరికి ఏం పడదని.

"మా అత్తగారికి నేనే పడను. రాసుకో వదినా."

అందరం నవ్వాం. అత్తగారు కూడా నవ్వారు. నాకు మాత్రం నవ్వుతూనే పాత సంగతి గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ఒకసారి ఆ మాట అన్నాను. వంకాయ తింటే నాకు నాలుక దురద పెడుతుంది, పెదవి లావెక్కుతుంది. నాకు పడదండీ అన్నాను. తింటూ ఉంటే అదే పడుతుంది అన్నారు అత్తగారు. మా ఇంట్లో వారానికి రెండుసార్లు వంకాయ కూర. వండేది నేనే. నాకోసం ఇంకో కూర చేసుకుంటే వేరుకుంపటి పెట్టిందంటారని రెండు ముక్కలు వేసుకుని మంచినీళ్ళతో మింగుతూ వచ్చాను. పదకొండేళ్ళయింది. వంకాయ అలవాటు కాలేదు. దురద దాచుకోవడం అలవాటైంది.

పోయిన శనివారం మావారి ఆఫీసులో పెద్దసారు కూతురి పుట్టినరోజు. కేకు మా ఇంటి నుంచే వస్తుందని మావారు మాట ఇచ్చి వచ్చారు. నన్ను అడగలేదు. నేనే పెద్దసారు భార్యకి ఫోన్ చేసి నా ప్రశ్న అడిగాను. ఆవిడ చెప్పింది. వాళ్ళమ్మాయికి పల్లీలు పడవు. ఆరేళ్ళప్పుడు ఎవరింట్లోనో ఒక్క బిస్కెట్టు తిని ఊపిరాడక ఆసుపత్రిలో ఉంది. పదేళ్ళుగా బయటి కేకు ముట్టనివ్వలేదట. "నువ్వు అడిగావు కాబట్టి ధైర్యం వచ్చిందమ్మా," అంది. పుస్తకంలో పల్లీలు అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ముందురోజే గట్టూ, ఓవెనూ, గిన్నెలూ వేడినీళ్ళతో కడిగాను. పల్లీల డబ్బా తీసి వెనక గదిలో పెట్టాను. నా కేకుల జారు వేరు. దాని పిడికి ఎర్రదారం కట్టి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను.

శనివారం పొద్దున్న స్నానం చేసి వచ్చి చక్కెర పొడి కొట్టడానికి ఆ జారు తీశాను. లోపల తడిగా ఉంది. అప్పుడే మావారు, చొక్కా ఇస్త్రీ చేయలేదేమని గదిలోంచి పిలిచారు. ఆ వస్తున్నా వస్తున్నా అంటూ జారుని గుడ్డతో తుడిచి, చక్కెర పోసి, పొడి కొట్టి వెళ్ళాను. రోజూ రబ్బరు ఊడదీసి చూశాకే వాడతాను. ఆ రోజు చూడలేదు. జారు ఎందుకు తడిగా ఉందని కూడా అనుకోలేదు. ఊరందరినీ అడిగేదాన్ని, నన్ను నేను అడగలేదు.

మూడింటికి మావారు కేకు పట్టుకుని వెళ్ళారు. ఐదింటికి కోస్తారు. నాలుగు దాటాక అంట్లు తోముతూ ఆ రబ్బరు ఊడదీశాను. గాడిలో ఎర్రటి పొట్టు ఉంది, చుట్టూ మెత్తటి ముద్ద. వాసన చూడక్కర్లేదు. అయినా చూశాను.

అత్తగారు టీవీ ముందు ఉన్నారు. అడిగితే, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పల్లీలు కాస్త పొడి కొట్టుకున్నానన్నారు. పళ్ళు లేనిదాన్ని, అవి నమలగలనా అన్నారు. పెద్ద జారు అందలేదట. "కడిగే పెట్టానుగా. కడగలేదంటావా?"

కడిగారు. అందులో అబద్ధం లేదు.

మావారికి ఫోన్ చేశాను. ఆయన పక్కకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడారు.

"కేకు బల్ల మీద పెట్టారు. చూసిన వాళ్ళందరూ మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు నేనెళ్ళి మా ఇంటి కేకు పనికిరాదని చెప్పాలా?"

"ఆ అమ్మాయి తినకుండా చూడండి చాలు."

"పుట్టినరోజు పిల్ల కేకు తినకుండా చూడాలట. గోరంత పొట్టుకి ఏమీ కాదు. ఫోన్ పెట్టేయ్."

పెట్టేయమని ఆయనే పెట్టేశారు.

ఏమీ కాదు. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. జ్వరంతో పొయ్యి దగ్గర నిలబడినప్పుడు విన్నాను, పెదవి వాచిన రోజున విన్నాను. నిజంగానే ఏమీ కాకపోవచ్చు. అంత కేకులో ఆ పొట్టు ఎక్కడుందో, ఆ అమ్మాయి ముక్కలోకి వస్తుందో రాదో. కానీ ఏమీ కాదనేది ఎప్పుడూ ఒకరు, అయ్యేది ఇంకొకరికి. నా నాలుక మీద ఇన్నాళ్ళూ జరిగింది అదే. అది దురదతో పోయింది కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ పిల్లకి పోయేది ఊపిరి. చూడకుండా చక్కెర పోసింది నా చెయ్యి. ఆవిడ ధైర్యం చేసి నమ్మింది మావారి పరువుని కాదు, నా ప్రశ్నని.

పుస్తకం తెరిచి నంబరు చూసి చేశాను.

"కేకు ఎవరూ ముట్టుకోవద్దండీ. చక్కెర కొట్టిన జారులో పల్లీల పొట్టుంది. తప్పు నాది, చూసుకోలేదు."

"మీ ఆయన ఇక్కడే ఉన్నారమ్మా," అందావిడ నెమ్మదిగా. "కొవ్వొత్తులు గుచ్చుతున్నారు."

తర్వాత ఆవిడ కూతుర్ని బల్ల దగ్గరికి రావద్దని చెప్పడం వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.

ఏడింటికి మావారు కోయని కేకుతో తిరిగొచ్చారు. పెట్టెని గట్టు మీద పెట్టి, నాతో కాకుండా వాళ్ళమ్మతో మాట్లాడారు. పెద్దసారు ఒక్క మాట కూడా అనలేదట, అంతకంటే ఇంకేం అనాలి అన్నారు. గోరంతని కొండంత చేసిందన్నారు అత్తగారు. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. "ఇక ఈ కేకులూ వద్దు, పుస్తకాలూ వద్దు. ఇలాగైతే నీకూ నాకూ పడదు."

మర్నాడు పొద్దున్న ఆవిడ ఫోన్ చేసింది. అమ్మాయి బాగుందని చెప్పింది. "ఇంకెప్పుడూ నీ దగ్గర కేకు తీసుకోలేనమ్మా. కానీ నువ్వు ఫోన్ చేశావు," అంది. న్యాయమే అనిపించింది. ఆ రబ్బరుని ఇంకోసారి కడిగి ఎండలో పెట్టాను.

ఆదివారం కాబట్టి అందరం ఇంట్లోనే ఉన్నాం. అబ్బాయికి మనసు బాగోలేదు, వాడికి ఇష్టమైనది చెయ్యమ్మా అని అత్తగారు అంటే వంకాయ కూర చేశాను. భోజనానికి కూర్చున్నాక అత్తగారు గరిటెతో నా కంచం మీదికి వంగారు. కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకు పడదు."

గరిటె అక్కడే ఆగింది. మావారు తలెత్తారు.

"ఏది పడదు?" అన్నారు.

కోపంగానే అడిగారు. అయినా అడిగారు. పదకొండేళ్ళలో ఈ ఇంట్లో ఆ ప్రశ్న నా దాకా రావడం అదే మొదటిసారి. లేచి చెయ్యి కడుక్కుని పుస్తకమూ స్కేలూ తెచ్చుకున్నాను. కొత్త పేజీ తీసి, పేరు దగ్గర 'నేను' అని రాశాను. చివరి గడిలో వంకాయ అని రాసి చూస్తే ఆ ఒక్క మాటకే గడి సగం నిండింది. అందుకని స్కేలు పెట్టి ఆ గడిని పేజీ చివరిదాకా గీశాను.