దేవుని గూట్లో చైను

ఆ కారు నాది కాదు. ఉరవకొండలో శనక్కాయల మండీ నడిపే ఈశ్వరప్పది. నేను దాని డ్రైవరును, నా పేరు కుళ్ళాయప్ప. బళ్ళారిలో ఒక డాక్టరు పన్నెండేళ్ళు వాడి అమ్మేసిన పాత నల్ల కారది. మామూలు రోజుల్లో సావుకారి ఇంటి పనులకు తిరిగేది, పెండ్లిళ్ళ కాలంలో బాడుగలకు పోయేది. మా పక్క ఊళ్ళన్నిటికీ అదే దిక్కు.

యాభైయేడులో మాఘమాసం పెండ్లిళ్ళు ముగిసేసరికి ఇంజను ముందువైపు గలగలమని చప్పుడు మొదలైంది. పొద్దున్నే స్టార్టు చేస్తే డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుండేది, వేడెక్కాక కాస్త సర్దుకునేది. గుంతకల్లు మెకానిక్ మస్తాన్ చెవి పెట్టి విని, టైమింగ్ చైను సాగిపోయిందన్నాడు. ఇంజనులో ఏది ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో నడిపించేది ఆ చైనే. అది తెగితే మిగతాదంతా బంగారమైనా బండి కదలదు. ఎప్పుడు తెగుతుందని అడిగాను.

"రేపు తెగొచ్చు, వచ్చే దీపావళికి తెగొచ్చు. నేనైతే రేపే అనుకుంటానన్నా," అన్నాడు.

మార్చిలో శుక్రమూఢం పడింది. మూఢంలో పెండ్లిళ్ళుండవు, బండి షెడ్డులో ఊరికే పడుంటుంది, రిపేరుకు అంతకంటే మంచి కాలం లేదు. కానీ మూఢంలో కొత్త వస్తువు బిగించకూడదన్నాడు ఈశ్వరప్ప. పోనీ తర్వాతంటే, మూఢం పోయిన మర్నాటినుంచే ముహూర్తాలు. ఇరవై రోజులకు వరసగా బాడుగలు ఒప్పేసుకున్నాడు. తీరిక ఉన్నప్పుడు ఇంజను ఇప్పకూడదు, ఇప్పొచ్చన్నప్పుడు తీరిక లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటి మధ్య స్టీరింగు పట్టుకుని నేను.

సావుకారి చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. మూఢం రేపనగా బెంగుళూరునుంచి కొత్త చైను తెప్పించాడు, బిగించే వ్యవధి లేకపోయింది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, దేవుని గూట్లో పటాల పక్కన పెట్టాడు. రోజూ పటాలతోపాటు దానికీ హారతి. చైను దేవుడైపోయింది, బండి మాత్రం గలగలమంటూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇనుముకు శుక్రుడెవరో తెలుసునా అని హోటల్లో కనపడినవాళ్ళందరినీ అడిగేవాణ్ణి.

నా తొందర నాకుంది. నా భార్య ఆంజినమ్మకు వైశాఖంలో నెలలు నిండుతాయి. రెండేళ్ళ కిందట మొదటి కాన్పు కష్టమైతే, ఎద్దులబండిలో అనంతపురం పెద్దాసుపత్రికి బయల్దేరాం. ముప్పై మైళ్ళు. బిడ్డ దక్కలేదు. అప్పట్లో నేను బస్సు తోలేవాణ్ణి, మంచి జీతం. అది వదిలేసి ఈశ్వరప్ప దగ్గర తక్కువకు కుదిరింది ఒకందుకే: మళ్ళీ అట్లాంటి రోజు వస్తే ఊళ్ళో కారుండాలి, దాని తాళం నా జేబులో ఉండాలి.

ఏప్రిల్ చివర్లో ఒక సందు దొరికింది. కారు దారిలో ఆగిపోతుందేమోనన్న భయంతో ఈశ్వరప్ప ఇంటిల్లిపాదినీ బస్సెక్కించి కొత్తచెరువులో చుట్టాలింటికి పోయాడు. ఇల్లు చూసుకొమ్మని తాళంచెవి నాకే ఇచ్చాడు. అదే వారం మస్తాన్ ఏదో బస్సు బాగుచేయడానికి మా ఊరొచ్చాడు. ఒకటిన్నర రోజులో చైను మార్చేస్తానన్నాడు. పాతదానికి పసుపు పూసి గూట్లో పెడితే సావుకారి దానికే హారతి ఇచ్చుకుంటాడని నవ్వాడు. నేనూ నవ్వి షెడ్డు తలుపులు తీశాను.

స్పానర్లు గోనెపట్టా మీద పరిచాం. ఎవరు చెప్పారో, ఆంజినమ్మ ఆ కడుపుతో నడుచుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"మూఢంలో ఇప్పొద్దు. మొదటి కాన్పు తూరి మూఢంలోనే కొట్టానికి కొత్త దూలమెత్తినాం. ఏమైందో నువ్వూ చూసినావు గదా. నాకు ధైర్యం చాలదు."

ఊరందరినీ ఎగతాళి చేసిన నోరు నాది. కానీ చైను మార్చాక ఆమెకేమన్నా అయితే, దానివల్లే అయిందని ముందుగా నమ్మేది నేనే. అది నాకు ఆ క్షణాన తెలిసొచ్చింది. పైగా బండి ఇప్పేసిన ఆ ఒకటిన్నర రోజులోనే నొప్పులు వస్తే? ఎటు చూసినా దారి మూసే ఉంది. వద్దులే అన్నాను. మస్తాన్ స్పానర్లు చుట్టుకుంటూ, ఇంకెప్పుడూ సావుకారిని తిట్టొద్దు, నువ్వూ ఆయనా ఒకటే అని చెప్పి పోయాడు.

మూఢం ఇంకా రెండు రోజులుందనగా పొద్దున పదింటికి నొప్పులు మొదలైనాయి. బిడ్డ ఎదురు తిరిగినట్టుంది, ఆసుపత్రికి తీసుకపోవల్లనింది మా అత్త చౌడమ్మ. అప్పటికి చుట్టాలింటినుంచి తిరిగొచ్చిన ఈశ్వరప్ప తనే పరిగెత్తి షెడ్డు తీశాడు. బండి గలగలమంటూ లేచింది. వాళ్ళిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, వేగం పెంచకుండా, గేరు మార్చినప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటూ తోలాను.

కూడేరు నాలుగు మైళ్ళుందనగా చప్పుడు ఆగింది. రెండు నెలలుగా ఆగితే బాగుండునని అనుకున్న చప్పుడే. బండి ఉన్న ఊపుతో కొంచెం దూరం పోయి నిలిచింది. మూత తీసి, ముందు హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పాను. ఏ బరువూ లేకుండా ఉత్తగా తిరిగింది. చైను తెగింది, ఇంక చూసేదేమీ లేదు.

రెండు పక్కలా ఎండిన చేలు. చెట్టన్నది లేదు. కాసేపటికి ఉరవకొండ పోయే బస్సు వచ్చింది గానీ, ఇప్పుడు ఆమెను కదిలిస్తే దక్కదని అత్త అడ్డం చెప్పింది. బస్సువాళ్ళతో సావుకారికి కబురంపాను. పంచె విప్పి తలుపుకు అడ్డంగా పట్టుకుని, నిక్కరుతో ఎండలో నిలబడ్డాను. రేడియేటరు కోసం పెట్టుకున్న డబ్బాలో నీళ్ళే కాన్పు నీళ్ళయినాయి. ఆంజినమ్మ అరుపులు విన్నాను, తర్వాత అరవడం మానేస్తే ఇంకా భయపడ్డాను. బిడ్డ బయటపడి ఏడవలేదు. పట్టుకోమని అత్త నా చేతుల్లో పెట్టి, కాళ్ళు పైకెత్తి వీపు మీద చరిచింది. మూడోసారి చరిచాక ఏడ్చింది. ఆడబిడ్డ.

ఈశ్వరప్ప మండీ దగ్గర దొరికిన లారీ ఎక్కి వచ్చాడు. తువ్వాల్లో చుట్టుకుని చైను కూడా తెచ్చాడు. బిడ్డను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కారు వైపు చూసి, అలవాటు కొద్దీ అన్నాడు.

"ఎల్లుండి తెల్లారినంక బిగిద్దాంలే కుళ్ళాయప్పా."

వెనక సీట్లోనుంచి ఆంజినమ్మ మెల్లగా అడిగింది. "బిడ్డకు లేని మూఢం ఇనుముకేంది సావుకారీ?"

ఆయన్నే అడిగింది. కానీ తలదించుకున్నది మేమిద్దరమూ. అడిగిన తనూ మొహం పక్కకు తిప్పుకుంది. పురిటి మైల అంటిన చేతులకు దేవుని గూట్లో వస్తువు ఇవ్వకూడదని ఈశ్వరప్పకు నాకంటే బాగా తెలుసు. తువ్వాలు విప్పి చైను నా నెత్తుటి చేతుల్లో పెట్టాడు. కారు దగ్గర తను కూర్చుంటానని, నన్ను వాళ్ళతో లారీలో ఆసుపత్రికి పొమ్మన్నాడు.

లారీ కూడేరు దాటాక చూసుకున్నాను. చైను ఇంకా నా చేతిలోనే ఉంది. అంతా కలిపి గుప్పెడు కూడా లేదు.